కంట్లో పువ్వు

పంజాగుట్ట ఫోటో ఆయన పోయాడు. మొన్న మంగళవారం సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాను. అప్పటినుంచి బడిలో పాఠం చెబుతున్నా, అన్నం ముందు కూర్చున్నా ఆ మనిషే మెదులుతున్నాడు.

ఆయన పేరు రాయను. పేరు లేక కాదు. మా అమీర్‌పేటలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఫోటో ఆయన" అంటే చాలు, టాంగావాడు సైతం గుట్ట దిగువన అద్దాల కప్పు వేసిన గది దగ్గర తెచ్చి దింపేవాడు. పైగా నేనిప్పుడు చెప్పబోయేది ఆయన బతికి ఉండగా ఒప్పుకునే సంగతి కాదు. పేరు కూడా రాస్తే మరీ మాట తప్పినట్టవుతుంది.

నేను బందరు వైపువాణ్ణి. ఇక్కడి మిషను బడిలో ఉద్యోగం దొరికి, అమీర్‌పేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని దిగిన కొత్తలో ఈ ఊరి మాట నాకు సగమే అర్థమయ్యేది. చర్చిలో నా పక్కన కూర్చున్న మనిషి, పాస్టరుగారు ప్రసంగంలో ఉండగా నా చెవి దగ్గరికి వంగి, "సారూ, గా పాస్టరు నొసటి మీద నాలుగు గీతలు తీస్తే పదేండ్లు తగ్గుతడు, చూడు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ముందు బెంచీలో ఉన్న పెద్దలు వెనక్కి తిరిగి చూశారు. నా స్నేహం అలా మొదలైంది, అపచారంతో.

ఎవరి మొహం చూసినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. సూదిలా చెక్కిన పెన్సిలు ఎప్పుడూ చెవి మీద ఉండేది. వేళ్ళు టర్పెంటైను వాసన. ఫోటో తీసిన గాజుపలకను ఒక ఏటవాలు బల్ల మీద పెట్టి, కింద అద్దం పెట్టి, అద్దం మీద పడ్డ వెలుతురు పలక గుండా పైకి వస్తుంటే దానిమీద పెన్సిలుతో చుక్క చుక్కగా దిద్దేవాడు. మశూచి గుంటలు ఒక్కొక్కటే పూడిపోయేవి. ఆ రోజుల్లో మాలో ఇంటికొకరికైనా ఆ మచ్చలుండేవి. కానీ మా ఇళ్ళల్లో గోడలకు వేలాడే ఫోటోల్లో ఒక్కరికీ లేవు. అమీర్‌పేట గోడల మీద మశూచి లేకుండా చేసిన ఘనుడు ఆయన.

"దేవుడు తొందరల చేసిన కాడ మనం జర సాఫ్ చేస్తం, అంతే" అనేవాడు.

ఆయన ఫోటో తీసే పద్ధతి కూడా వేరు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కాలి మీది పెట్టెకు నల్లగుడ్డ కప్పి, అందులో దూరి, బయటికి వచ్చి, ఏదో మరిచిపోయినట్టు, "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగేవాడు. మహారాజులా బిగుసుకుని కూర్చున్నవాడి మొహం ఆ ఒక్క ప్రశ్నతో సడలిపోయేది. జొన్నరొట్టె అని ఒకడు, ఇంకా ఏమీ తినలేదని ఒకడు చెప్పేవాడు. చెప్పి నోరు మూసుకున్న క్షణాన పెట్టె కంటి మూత తీసి, "ఏక్, దో, తీన్" అని మళ్ళీ పెట్టేసేవాడు. ఎంతసేపు తీసి ఉంచాలో చెప్పే యంత్రం ఆయన దగ్గర లేదు. ఎడమ చెయ్యి చాపి, వేళ్ళ నీడ అరచేతి మీద ఎంత నల్లగా పడిందో చూసి లెక్క కట్టేవాడు. పాతికేళ్ళుగా ఆ లెక్క తప్పలేదని గర్వం.

ఆ లెక్క తప్పింది మా ఊళ్ళోనే.

ఆయన సముద్రం చూడలేదు. నేను సముద్రపు ఒడ్డువాణ్ణని తెలిసినప్పటినుంచీ పట్టుకున్నాడు. ఆయన భార్య నన్ను చూసినప్పుడల్లా, "జర గా సముద్రం చూపించి తీసుకరా సారూ, ఇంట్ల కూసుంటే గదే పాట" అని నవ్వేది. యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. క్రిస్మసు సెలవులకు వెంటబెట్టుకుని బయల్దేరాను. సికింద్రాబాదులో రైలెక్కింది మొదలు బెజవాడలో మారి బందరులో దిగేదాకా పన్నెండు గాజుపలకలున్న పెట్టెను పసిపిల్లలా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఒడ్డున నిలబడి వచ్చే అలను, పోయే అలను చూశాడు. చివరికి నావైపు తిరిగి అడిగిన మొదటి మాట, "గిది ఎప్పుడాగుతది సారూ?"

"ఆగదు."

"రాత్రి సుత?"

"రాత్రి కూడా ఆగదన్నా."

"మరి ఫోటో ఎట్ల దియ్యాలె?" అని నిజంగానే దిగులుపడ్డాడు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు ఆయన్ని చూసి పనులు మానుకుని నవ్వారు. "ఏవయ్యా, ఆ గుడ్డలో దూరి ఏంటి ఎతుకుతున్నావ్?" అని ఒకావిడ అరిచింది. ఆయన గుడ్డలోంచి తల బయటపెట్టి, "మీ సముద్రాన్ని జర నిలబడమను తల్లీ" అన్నాడు. మూడు రోజులు అలా ఒడ్డు వెంట తిరిగాడు. ఉప్పు మళ్ళు, ఉప్పు గుట్టలు, ఇసుకలోకి లాగిన పడవలు, అన్నిటి ముందూ చెయ్యి చాపి నీడ చూసి లెక్కకట్టి తీశాడు. కానీ అక్కడ వెలుతురు పైనుంచి ఒక్కటే రాదు. ఇసుకలోంచీ ఉప్పులోంచీ కూడా లేస్తుంది. ఆ సంగతి పంజాగుట్ట బండల మధ్య పెరిగిన చేతికి తెలియలేదు. ఇంటికి వచ్చి కడిగి చూసుకుంటే పదకొండు పలకలు మసిపట్టినట్టు నల్లగా వచ్చాయి. వాటిలో సముద్రం లేదు, ఏమీ లేదు.

పన్నెండోది మా తమ్ముడు యాకోబుది. అమ్మ సంతకు పోయిన పూట, మా ఇంటి తాటాకు పంచలో, నీడలో తీసింది. అదొక్కటే బాగా వచ్చింది.

వాడు ఉప్పు మళ్ళలో పని చేసేవాడు. అయిదో ఏట మశూచి వచ్చి బతికాడు గానీ, ఎడమ కంట్లో పువ్వు వేసింది. కనుపాప మీద తెల్లగా చిన్న తెర. ఆ కంటికి చూపు లేదు. దాంతో మనిషి మాట్లాడేటప్పుడు మొహం కాస్త ఎడమకు తిప్పి, కుడికంటితో ఎదుటివాణ్ణి పట్టుకుని మాట్లాడేవాడు. మా అమ్మ ఎప్పుడూ వాడి కుడి పక్కన కూర్చునేది, తను కనబడాలని. ఫోటో ఆయనకు వాడంటే మొదటి రోజే ఇష్టం పుట్టింది. "పొద్దుగాల ఏం తిన్నవ్ తమ్మీ?" అంటే, వాడు "మీరు తినగా మిగిలిందండి" అన్నాడు. ఆ చిలిపితనం మొహం మీద ఉండగానే మూత తీశాడు. ఫోటోలో ఆ నవ్వు అలాగే పడింది.

ఇప్పుడు నా సంగతి. అమీర్‌పేటలో ఒక మంచి కుటుంబం ఉంది. పిల్ల బడిలో కుట్టు నేర్పేది. మా తమ్ముడికి అడుగుదామని నా ఆశ. వాళ్ళు ముందు ఫోటో చూపించమన్నారు. తిరుగు రైల్లో, బెజవాడ దాటాక, ఫోటో ఆయనతో అన్నాను, "అన్నా, మావాడి ఎడమ కన్ను కాస్త చూడండి. మచ్చలతోపాటు అదీ తీసేయండి."

ఆయన నావైపు చూసి, "మీ తమ్మున్ని అడిగినవా?" అన్నాడు.

"వాడికేం తెలుసు?"

"మచ్చలంటే తీస్త సారూ. మచ్చ తీస్తే మొహం సాఫైతది, మనిషి గామనిషే ఉంటడు. కన్ను ముడితే మనిషి మారుతడు. నేను ఇంతవరకు ఎవ్వరి కన్ను ముట్టలే."

నేను బతిమాలాను. సంబంధం కుదిరాక పిల్ల తరఫువాళ్ళకు నేనే మెల్లగా చెబుతానన్నాను. వాణ్ణి ఎదురుగా చూస్తే ఎవరికైనా నచ్చుతాడని, మొదట ఫోటో గడప దాటితే చాలని చెప్పాను. స్నేహాన్ని కూడా మధ్యకు లాగాను. రైలు ఖాజీపేట చేరేసరికి ఆయన "సరే తియ్" అన్నాడు, మొహం కిటికీ వైపు పెట్టుకుని.

పెన్సిలుతో అయ్యే పని కాదది. ఫోటోలో తెల్లగా పడేది గాజుపలక మీద నల్లగా ఉంటుంది. ఆ నల్లటి మచ్చను సన్నటి కత్తితో గీకి పలచన చెయ్యాలి. పెన్సిలు గీత తుడిస్తే పోతుంది, కత్తితో గీకింది తిరిగి రాదు. అంతా తెలిసే చేశాడు. ఫోటో చూస్తే నాకే ముచ్చటేసింది. రెండు కళ్ళతో, నున్నటి బుగ్గలతో, మా తమ్ముడు జమీందారు బిడ్డలా ఉన్నాడు. పిల్లవాళ్ళు చూసి సరేనన్నారు. వేసవిలో అబ్బాయిని చూస్తామన్నారు.

వేసవి రాకముందే యాకోబు జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. నేను చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. అమ్మను ఒంటరిగా వదల్లేక అమీర్‌పేట తీసుకొచ్చాను. ఆమె ఏడవలేదు. ఈ ఊళ్ళో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక పంచలో కూర్చుని వీధిలో పోయే టాంగాలు చూసేది. "వాడి మొగం మరిచిపోతానేమోరా పెద్దోడా" అని ఒకరోజు నాతో అంది. ఫోటో ఉందని అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు.

పిల్ల తరఫువాళ్ళు మర్యాదస్థులు. చావు సంగతి తెలిసి, ఫోటో తమ దగ్గర ఉండటం బాగుండదని, పరామర్శకు వచ్చినప్పుడు తెచ్చి అమ్మ చేతికిచ్చారు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవరు నాయనా ఈ అబ్బాయి?"

"మనవాడే అమ్మా. యాకోబు."

"కాదు. నవ్వు వాడిదే. వీడు మాత్రం వాడు కాదు."

సరిగ్గా అదే సాయంత్రం ఫోటో ఆయన వచ్చాడు. గడపలో చెప్పులు విడిచి, అమ్మను చూసి చేతులు జోడించాడు. అమ్మ ఫోటో ఎత్తి చూపించింది.

"నువ్వేనా నాయనా తీసింది?"

"నేనే తల్లీ."

"వాడి కన్నేం చేశావు?"

ఆయన నావైపు చూశాడు. ఒక్క క్షణం. నేను చెప్పాల్సిన క్షణం అదే. నేను వంగి నా బూట్ల ముడి విప్పుకోవడం మొదలుపెట్టాను. అప్పటికే విడిపోయి ఉన్న ముడి అది.

"నా తప్పే తల్లీ," అన్నాడు ఆయన. "అలవాటు. చెయ్యి ఊకుండలే."

"వాడి కన్ను నీకేం అడ్డమొచ్చిందయ్యా?" అంది అమ్మ. ఆ మాటకు గానీ ఏడుపు రాలేదు ఆమెకు. అన్నాళ్ళు దాచుకున్నదంతా ఆ మనిషి ఎదుటే ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, పరలోకంలో వాడికి రెండు కళ్ళూ ఉంటాయని ఓదార్చబోయారు. "అట్టా నిలబడితే నేనెట్టా పోల్చుకునేదమ్మా?" అంది. ఫోటో ఆయన గోడకు ఆనుకుని అంతా విన్నాడు.

వారం తిరక్కుండా పలక, ఏటవాలు బల్ల, పెన్సిళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "కత్తితో పోయింది పెన్సిల్‌తోటి తెస్త. కాని నాకు యాదికి లేదు తల్లీ, నువ్వే చెప్పాలె" అన్నాడు. ముందు పలకను వెలుతురుకు ఎత్తి అమ్మకు చూపించాడు. గాజుపలకలో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది కదా. అందులో యాకోబు జుట్టు పూర్తిగా నెరిసి ఉంది.

అమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ మెల్లగా దగ్గరికి జరిగి చూసింది. "ముసలాడైతే ఇట్టా ఉండేవాడా?" అంది. ఆయన చెయ్యి నొప్పెడుతున్నా ఆమె చాలనేదాకా పలకను అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. ముందు టర్పెంటైను దూదితో బుగ్గల మీది పెన్సిలు తుడిచేశాడు. మచ్చలన్నీ తిరిగొచ్చాయి. తర్వాత కన్ను. ఆయన చుక్కలు పెట్టేవాడు, ఎండలో కాగితం మీద అచ్చు తీసేవాడు, అమ్మ చూసేది. "అంత తెలుపు లేదు" అనేది. మళ్ళీ తుడిచేవాడు. "ముక్కు వైపుకుండేది. ఇంకొంచెం కిందికి." మళ్ళీ దిద్దేవాడు. పాతికేళ్ళు జనం మొహాల్లో లోపాలు తీసిన మనిషి, కొడుకు పోయిన తల్లి పక్కన చెమటలు కక్కుతూ ఒక కన్ను గుడ్డిది చేస్తుంటే నేను అన్నం తిన్న కంచం ముందునుంచి లేవలేకపోయాను. అయిదో అచ్చును అమ్మ కొంగుతో తుడుచుకుని లోపలికి తీసుకుపోయింది.

కానీ ఆయన్ని క్షమించలేదు. ఆయన వస్తే పలకరించేది కాదు. చర్చి దగ్గర ఆడవాళ్ళతో, "ఆ పంజాగుట్ట ఆయన దగ్గరికి పోకండి, మనుషుల్ని మార్చేస్తాడు" అని చెప్పేది. ముసలామె, కొడుకు పోయిన మనిషి. ఆమె మాట నలుగురూ విన్నారు. పెళ్ళిళ్ళకు ఆయన్ని పిలవడం తగ్గించారు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా శనివారం సాయంత్రం వచ్చేవాడు. పంచలోనే కూర్చుని, గొంతు తగ్గించి, "అమ్మ తిన్నదా?" అని అడిగి పోయేవాడు.

ఒకసారి గుట్ట రోడ్డు మీద నడుస్తూ, ఇక ఉండబట్టలేక, "అన్నా, అమ్మకు చెప్పేస్తాను" అన్నాను.

ఆయన నిలబడిపోయాడు. "చెప్పి ఏం జేస్తవ్ సారూ? గిప్పుడామెకు ఒక్క కొడుకే మిగిలిండు. నేను కానోన్నయితే ఆమెకేం ఫరక్ పడది. నువ్వు కానోనివైతే ఆమె యాడికి పోతది?"

ఆ మాటతో నాకెంత హాయి కలిగిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. తప్పును ఆయన మోస్తున్నాడు, మోయడానికి కారణం కూడా ఆయనే వెతికి ఇచ్చాడు. నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. అప్పటికీ ప్రతి ఆదివారం ప్రార్థనలో ఈ వారం చెప్పేస్తానని అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి భోజనం వడ్డిస్తున్న అమ్మ మొహం చూసేసరికి వచ్చే ఆదివారానికి వాయిదా పడేది. అలా రెండేళ్ళు గడిచాయి. యుద్ధం రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఆమె పోయింది. తలగడ కింద ఫోటో ఉంది. శవపెట్టెలో ఆమెతోపాటే పెట్టాను.

ఆ తర్వాత ఫోటో ఆయన కత్తి పట్టలేదు. మెల్లకన్ను సరిచెయ్యమని ఒక పెద్ద అధికారి కబురు పెడితే, "కన్ను ముట్ట, హుజూర్" అని ఒక్క మాట చెప్పి పంపాడట. బేరాలు ఆబిడ్సు వైపు పోయాయి. చివరి రోజుల్లో అద్దాల కప్పు కింద ఒంటరిగా కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపి నీడ చూసుకుంటూ ఉండేవాడు. నేను పోతే, "రా సారూ, పొద్దుగాల ఏం తిన్నవ్?" అనేవాడు. నా మొహంలో ఏం చూద్దామని అడిగేవాడో నాకు తెలియదు.

మంగళవారం మట్టి అయ్యాక ఆయన ఇంటికి పోయాం. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆయన భార్య నన్ను ఆపింది.

"సారూ, ఒక మాట అడుగుత. పానం పోయేముందు సుత మీ అమ్మనే యాది చేసుకున్నడు. గా ఒక్క ఇంట్ల నా చెయ్యి పాపం చేసిందని, దేవుడు దాన్ని మాఫ్ చేస్తడో లేదో అని ఒకటే గోస. గంత తప్పు ఏం చేసిండు సారూ? మీకెరుకనా?"

ఆమె నిజంగానే భయపడుతోంది. ఆయన ఎక్కడికి పోయాడోనని భయపడుతోంది. ఈసారి బూట్ల వైపు వంగలేదు. అంతా చెప్పాను. రైల్లో నేను బతిమాలిన సంగతి, ఆయన వద్దన్న సంగతి, అమ్మ అడిగిన క్షణం, తర్వాత రోడ్డు మీద ఆయన అన్న మాట. ఏదీ దాచలేదు. పాపం ఆయన చెయ్యిది కాదని, నాదని చెప్పాను.

ఆమె తల వంచుకుంది. "నాకు సుత చెప్పలే" అంది, తనలో తను. "గిన్నేండ్లు ఒక్క మంచం మీద పండి, నాకు సుత తనే చేసిన్నని చెప్పిండు."

తర్వాత తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మరి గా ముసలామెకు చెప్పిన్రా సారూ?"

"లేదమ్మా," అన్నాను. "చెప్పకుండానే మట్టి చేశాను."